రెండో నొక్కు

తమ్ముడికి, అక్క రాస్తున్నది.

కోల్డ్ స్టోరేజీ మెకానిక్ సోమవారం ఉదయం ఏడుకు పది నిమిషాల ముందు ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన తప్ప ఇక్కడ మిగతా అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు. నీ ఉత్తరంలో నేను అనుమానించకుండా చదివిన వాక్యం అదొక్కటే.

ఫోను చేయకుండా ఉత్తరం రాశాడేమిటని అమ్మ అడిగింది. షూటింగు చోట సిగ్నల్ లేదేమో అన్నాను. అసలు కారణం నాకు తెలుసు. ఫోనులో అన్న మాట ఎక్కడో ఒకచోట రికార్డవుతుందని నీ భయం. శబ్దం పట్టి బతికేవాడికి ఆ మాత్రం భయం ఉండాలి. నేనూ ఉత్తరమే రాస్తున్నాను కానీ నా కారణం వేరు. ఫోనులో నువ్వు "అక్కా" అన్నావంటే నేను మెత్తబడతాను. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు.

అమ్మ ఎలా ఉందని అడిగావు. ఎడమ చెవి వినికిడి ఇంకాస్త తగ్గింది. చెవి మెషీను పెట్టుకోమని మీ బావ చెప్పి చెప్పి అలిసిపోయారు. "మీ అక్కాతమ్ముళ్ల పోట్లాటలు వినకపోతే నాకొచ్చే నష్టమేంటి?" అంటోంది. నువ్వు కొత్త రికార్డర్ కొంటున్నావని చెప్పాను. "ఉన్నదానికేం రోగం?" అంది. "అదే కనుక్కుంటున్నానమ్మా" అన్నాను. అప్పటికే కనుక్కున్నాను.

మెకానిక్ కోలుకుంటున్నాడా, మళ్లీ ఒకసారి మాట్లాడించి రికార్డు చేయొచ్చా అన్నది నీ రెండో ప్రశ్న. చేయలేం. ఈ ఉత్తరం మొదటి వాక్యం చదివాక నీకు ముందు బాధ కలిగిందో, ఊరట కలిగిందో నాకు తెలియదు. తెలియనిది నేను రాయను. తెలిసినవి మాత్రం వరసలో రాస్తాను. చాలావరకు నీకూ తెలిసినవే. అయినా ఒకచోట కాగితం మీద ఉండటం మంచిది.

కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా గొట్టం పగిలింది. లోపలి గదిలో బస్తాలు పేరుస్తున్న ముగ్గురు హమాలీలు బయటపడలేకపోయారు. గ్యాసు కారితే మోగాల్సిన సైరన్ మోగలేదు. దాని తీగ పీకి ఉంది. పీకింది మెకానిక్. మూతికి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లి వాల్వు కట్టేసిందీ మెకానిక్కే. అక్కడే ఆయన ఊపిరితిత్తులు కాలిపోయాయి. విచారణాధికారికి యాజమాన్యం ఇచ్చిన జవాబు ఒకే వాక్యం. సైరన్ తీగను మెకానిక్ ఎవరికీ చెప్పకుండా తన ఇష్టం కొద్దీ తొలగించాడట. కాదని చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయనకు గొంతు వచ్చేది పొద్దున పూట కాసేపు. ఒక్కసారి మాట్లాడించుకోవడానికి డాక్టరు ఒప్పుకున్నాడు.

ఆయన గొంతు ఆక్సిజన్ సీసాలో బుడగల చప్పుడు కంటే చిన్నది. మామూలు రికార్డర్‌లో ముందు బుడగలు వినిపిస్తాయి, వాటి వెనక ఆయన వినిపిస్తాడు. అందుకే నిన్ను పిలిచాను. ఊళ్లో సౌండ్ వాళ్లు ఇంకొందరున్నారు. "ఇంట్లో ఒకడిని పెట్టుకుని బయటివాళ్లెందుకే" అంది అమ్మ. నాకూ సబబే అనిపించింది.

ఆ పొద్దున నువ్వు పనిచేసిన తీరులో వంక పెట్టడానికి లేదు. ఫ్యాను ఆపావు. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కావు. మూలనున్న చిన్న ఫ్రిజ్ ప్లగ్గు తీసి, వెళ్లేటప్పుడు మళ్లీ పెట్టడం మరిచిపోకుండా నీ బండి తాళాలు అందులో పెట్టావు. మా అందరి ఫోన్లూ ఆపించావు. మైకు ఆయన గడ్డం కింద జానెడు దూరంలో నిలబెట్టి, హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నావు. బొటనవేలు పైకెత్తి చూపించావు. మెషీను మీద ఎర్ర లైటు వెలుగుతోంది. గీతలు ఆయన మాటతో పాటు ఆడుతున్నాయి. నేను నమ్మాను.

ఆయన చెప్పింది నీకు గుర్తుండే ఉంటుంది, హెడ్‌ఫోనులో నాకంటే బాగా విన్నావు కాబట్టి. "ఊరికే మోగుతోందయ్యా, మోగినప్పుడల్లా హమాలీలు పని వదిలేసి బయటికి ఉరుకుతున్నారు, పీకి పడెయ్ అన్నాడు మేనేజరు. సార్, కాగితం మీద రాసివ్వండి అన్నాను. నీకు కాగితాలు కావాలా, ఉద్యోగం కావాలా అన్నాడు. పీకాను. ఈ చేత్తోనే పీకాను. పీకమన్నది ఆయన. రెండూ రాసుకోమ్మా. ఒకటి రాసి ఒకటి వదిలేయకు."

తన తప్పు తనే చెప్పుకున్నాడు. నా విలేకరి ఉద్యోగంలో అలాంటి సాక్షులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తర్వాత నువ్వు మమ్మల్ని బయటికి వెళ్లమన్నావు. "ఒక్క రెండు నిమిషాలు గది చప్పుడు పట్టుకుంటా" అన్నావు. ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఉంటుందనీ, అది విడిగా పట్టుకోకపోతే పని పూర్తయినట్టు కాదనీ నాకు ఎప్పుడో నేర్పింది నువ్వే. మెకానిక్ భార్య గుమ్మంలో ఆగి, "మరి ఈయన?" అంది. "ఆయన ఊపిరి కూడా గదిలో భాగమే పిన్నీ, ఉండనీయండి" అన్నావు. ఆమెకు ఆ మాట ఎంతో నచ్చింది. వరండాలో నాతో, "మీ తమ్ముడు పనిమంతుడమ్మా" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో మెషీను తెరిచి చూసి తల పట్టుకున్నావు. కార్డు ఖాళీ. "మోసం చేసిందక్కా. ఇన్నేళ్ల నుంచి చంకలో పెట్టుకుని తిరిగా, సరిగ్గా ఇవాళే చచ్చింది ముండమోపిది" అన్నావు. నీ కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "ఇది నా కళ్ల ముందు ఉండకూడదు" అని, మా వరండాలో వదిలేసి, మర్నాడు షూటింగుకి వెళ్లిపోయావు.

మూడో ప్రశ్న, కొత్త రికార్డర్. దాని గురించి రెండు పేజీలు రాశావు. అమ్మ గురించి ఒక లైను, చావుబతుకుల్లో ఉన్న మనిషి గురించి ఒక లైను, రికార్డర్ గురించి రెండు పేజీలు. మీ బావ చదివి, "మీవాడు ఎవరికైనా ప్రేమలేఖ రాస్తే ఇలాగే ఉంటుంది కాబోలు" అన్నారు. ఒకటి ఎనిమిది ఛానెళ్లది, రెండోది నాలుగు ఛానెళ్లది. మొదటిదానికి రెండు కార్డులు పడతాయి, ఒకటి పాడైనా రెండోదాంట్లో ఉంటుంది. రెండోదానికి లెవెల్ పెట్టే పనే లేదు, గుసగుసైనా అరుపైనా చెడకుండా పట్టుకుంటుంది. "నాకు నమ్మకమైనది కావాలక్కా, ఏది కొనమంటావు, నువ్వూ రోజూ వాడేదానివి కదా" అని అడిగావు.

అడిగావు కాబట్టి కనుక్కున్నాను. నమ్మకం అనే మాట ఎవరు వాడినా కనుక్కోవడం నా అలవాటు.

నీ పాత మెషీను పట్టుకుని, నీకు ఎప్పుడూ రిపేర్లు చేసే మీ వాడి దగ్గరికి వెళ్లాను. వాడి కొట్టు నీకు తెలుసు, ఒక మనిషి నిలబడితే రెండో మనిషి బయట నిలబడాలి. నేను బయట నిలబడ్డాను. రెండు రోజులు ఉంచుకున్నాడు. బ్యాటరీ సగంలో పీకి చూశాడట, అప్పటివరకు రికార్డయింది చెక్కుచెదరలేదు. కార్డులు మార్చి చూశాడు. నీ కార్డులో చెరిగిపోయిన ఫైలు ఏమైనా ఉందేమోనని తవ్వి చూశాడు.

"చెరిగిపోవడానికి అసలు ఉంటే కదక్కా. ఆ రోజు ఇందులో ఏదీ ఎక్కలేదు. మెషీనుకి జలుబు కూడా లేదు" అన్నాడు.

"మరి లైటు వెలిగింది. గీతలు ఆడాయి. వాడు హెడ్‌ఫోనులో విన్నాడు."

నాకు నొక్కి చూపించాడు. "ఒకసారి నొక్కితే లైటు మినుకుమంటుంది. గీతలు ఆడతాయి, చెవిలో వినిపిస్తుంది. అంటే పొయ్యి వెలిగించాం, గిన్నె ఇంకా పెట్టలేదు. లెవెల్ చూసుకోవడానికి ఆ వసతి. రెండోసారి నొక్కాలి. అప్పుడు లైటు నిలకడగా వెలుగుతుంది, అంకెలు పరిగెడతాయి. అప్పుడు ఎక్కుతున్నట్టు."

"మావాడు రెండోసారి నొక్కడం మరిచిపోయి ఉంటాడా?"

వాడికి కోపం వచ్చింది. నీ తరఫున వచ్చింది. "ఏం మాటక్కా అది? కొత్తగా చేరిన కుర్రాళ్లు మరిచిపోతారు. వాడా? వాడు నిద్రలో కూడా రెండుసార్లు నొక్కుతాడు. ఇంకెక్కడా అనకండి ఆ మాట, వాడి పరువు పోతుంది."

నీ స్నేహితుడు నీ మీద ప్రేమతో అన్న మాట అది. దానికంటే గట్టి సాక్ష్యం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక నీకు నా సలహా. ఛానెళ్లు ఎన్ని ఉన్నాయని చూడకు. ఒక మనిషి మాట పట్టడానికి ఒక ఛానెలు చాలు. చేత్తో తడుముకుంటే తెలిసే బొత్తాలు ఉండాలి. ఏ కొట్లోనైనా దొరికే బ్యాటరీతో నడవాలి. చిన్న గొంతును పెంచినప్పుడు మెషీను తన బుస కలపకూడదు. కరెంటు పోయినా అప్పటిదాకా ఉన్నదాన్ని మూసి భద్రం చేయాలి. రెండు కార్డులు మంచిదే. ఇవన్నీ నీ పాతదానికీ ఉన్నాయి, రెండో కార్డు తప్ప. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక్క నొక్కుతో రికార్డయ్యేది కొనుక్కో. రెండు నొక్కుల మెషీను నీ చేతిలో ఉంటే, మధ్యలో నీకు ఆలోచించుకునే సమయం దొరుకుతుంది.

నాలుగో సంగతి, నువ్వు పంపిన కాగితం. "సాంకేతిక లోపం వల్ల రికార్డింగు నష్టమైనది" అని విచారణాధికారికి ఇద్దరం రాసిస్తున్నట్టు ఉంది. కింద నీ సంతకం ఉంది, నా సంతకానికి చోటు వదిలావు. అది అలాగే ఉంచాను. నేను పెట్టను. లోపం లేని వస్తువు మీద లోపం మోపలేను. ఆ మెషీనుకి నోరు లేదు, చనిపోయిన మెకానిక్‌కీ లేదు. నోరు లేనివాళ్ల మీదకు తప్పు తోయడంలో మీ ఇద్దరిదీ ఒకే పద్ధతి, నీదీ ఆ మేనేజరుదీ.

అవును, మీ ఇద్దరిదీ. ఇక్కడి నుంచి కూర్చుని చదువు.

ఆ గదిలో ఇంకో రికార్డర్ ఉంది. నాది. అరచేతిలో పట్టేది, నువ్వు బొమ్మ అంటావే, అదే. మందుల ట్రేలో, చేతిరుమాలు కింద పెట్టాను. నీకెందుకు చెప్పలేదంటే, ఒకసారి ఇలాగే నీ మెషీను పక్కన పెడితే నలుగురి ముందు దాన్ని తీసి నా సంచీలో వేశావు. "నన్ను పిలిచి నీ బొమ్మ కూడా పెడితే ఇక నేనెందుకు?" అన్నావు. అప్పటి నుంచి నీకు కనపడకుండా పెడుతున్నాను. మెకానిక్‌కి మాత్రం చూపించాను. ఆయన భార్య నీళ్లు పట్టుకురావడానికి వెళ్లినప్పుడు, "ఇది నాది, మా తమ్ముడికి చెప్పకండి, ఉడుక్కుంటాడు" అన్నాను. ఆయన కళ్లతో నవ్వాడు.

నువ్వు మమ్మల్ని బయటికి పంపినప్పుడు నేను దాన్ని ఆపి జేబులో వేసుకోవాల్సింది. ఆపలేదు. గది నిశ్శబ్దం పడితేనే పని పూర్తయినట్టని నువ్వు నేర్పావు కదా, నా దాంట్లోనూ పడనీ అనుకున్నాను. నువ్వు ఊరికే తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి, తువ్వాలు కుక్కి, మొత్తం ఆచారం పాటించావు చూడు, అదే నిన్ను పట్టించింది. ఏదీ రికార్డు చేయనివాడికి గది నిశ్శబ్దం దేనికి? చేతులకు అలవాటైపోయింది. మనసు మారినా చేతులు మారలేదు.

తలుపు మూసుకున్నాక కాసేపు బుడగలు, ఆయన ఊపిరి. తర్వాత నీ ఫోను గర్రుమంది. అందరి ఫోన్లూ ఆపించినవాడి ఫోను. నువ్వు అన్నవి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఆఁ, అయిపోయింది సార్... లేదు, ఎక్కలేదు. ఒకసారే నొక్కా... చెప్పాడు సార్, మొత్తం చెప్పాడు, మీరు పీకమన్నదాంతో సహా. ఎక్కలేదంటున్నాగా... అక్కా? అక్కకేం తెలుస్తుంది సార్, లైటు వెలిగితే చాలు ఆవిడకి... ఎనిమిది ఛానెళ్లది సార్. నాలుగుది కాదు. మాటంటే మాటే... మీరు పైకి రాకండి, కిందే ఉండండి."

ఫోను పెట్టేశాక మంచం కదిలిన చప్పుడు. మెకానిక్ మాస్కు పక్కకు జరిపినట్టున్నాడు, ఆయన గొంతు దగ్గరగా ఉంది. "బాబూ, అంతా ఎక్కిందా?"

"ఎక్కింది బాబాయ్. బ్రహ్మాండంగా ఎక్కింది. మీరు మాస్కు పెట్టుకోండి."

అప్పుడు నువ్వు తలుపు తీసి, "అయిపోయిందక్కా, రండి" అన్నావు. అది కూడా ఉంది.

నీ మెషీనులో అయితే ఆయన గుక్క మింగడం కూడా వినిపించేది. నా బొమ్మలో బుస ఉంది, బుడగలు ఉన్నాయి, అయినా ప్రతి మాటా అర్థమవుతుంది. ఎనిమిది ఛానెళ్లు లేవు.

నువ్వు మా ఇంట్లో కళ్లనీళ్లు పెట్టుకున్న సాయంత్రం నేను అదింకా వినలేదు. "పోనీలేరా, నా దాంట్లో ఉంది" అని చెప్పబోయాను. ముందు విని, అర్థమయ్యేలా ఉంటేనే చెబుదామని ఆగాను. మర్నాడు ఆఫీసులో విన్నాను. చివరిదాకా విన్నాక, హెడ్‌ఫోను తీయకుండా అలాగే కూర్చున్నాను. పక్క సీటు మనిషి వచ్చి, "ఏమైనా పెద్ద వార్తా?" అన్నాడు. "ఇంటి విషయం" అన్నాను. రెండూ నిజమే.

ఇప్పటిదాకా రాసింది నీ గురించి. ఇక నా గురించి ఒకటి ఉంది. దీన్ని మొదట రాయాల్సింది, చేతకాక ఇక్కడిదాకా తెచ్చాను.

ఆయన మాటా నీ మాటా ఒకే ఫైలులో ఉన్నాయి. మొదటిది ఇవ్వాలంటే రెండోదీ ఇవ్వాలి. నీ భాగం కత్తిరించి ఇవ్వకూడదా అంటావేమో. ఒక నకలు తీసి కత్తిరించి చూశాను కూడా. బుడగల వరస ఒకచోట తప్పింది. కత్తెర పడిన చోటు నా చెవికే దొరికితే, కంపెనీ లాయరు తెచ్చే మనిషికి దొరకదా? ఒకచోట తెగిందని తేలితే మిగతాదంతా ఎవరో అల్లిందేనంటారు. చనిపోయేవాడి మాట చెల్లకుండా పోతుంది. ఆ నకలు చెరిపేశాను.

అప్పుడు నిన్ను బయటపడేయడానికి నాకు ఒకే దారి కనపడింది. ఆయన చేత మళ్లీ చెప్పించడం. ఈసారి నేనొక్కదాన్నే వెళ్లి, రికార్డు చేసి, అదొక్కటే ఇచ్చి, పాతది ఎవరికీ వినిపించకుండా దాచేయడం. ఆసుపత్రికి వెళ్లాను. ఆయన భార్య మందుల కోసం కిందికి వెళ్లింది. "మళ్లీ ఒకసారి చెప్పాలండీ" అన్నాను.

ఆయన మాస్కు జరిపాడు. "నీ చిన్నదాంట్లో ఉందిగా?"

"ఉంది. అయినా మళ్లీ కావాలి."

నా వంక చూశాడు. "తమ్ముడి కోసమా?"

విన్నాడన్నమాట. నువ్వు ఫోనులో మాట్లాడినంతసేపూ ఆయన మెలకువగానే ఉన్నాడు. విని కూడా నిన్ను "బాబూ, అంతా ఎక్కిందా" అని అడిగాడు. నువ్వు ఏమంటావో చూశాడు. నా దాంట్లో ఉందని తెలుసు కాబట్టి ఊరుకున్నాడు.

నేను తల ఊపాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరి ముందూ అలా తల ఊపలేదు. "సరే. మంగళవారం రా. అప్పటికి కాస్త ఊపిరి కూడబెట్టుకుంటా" అన్నాడు.

ఆయన సోమవారం పోయాడు. ఆయన మంగళవారం దాకా ఉంటే నువ్వు బయటపడేవాడివి, నేను ఒక దొంగతనాన్ని దాచినదాన్ని అయ్యేదాన్ని. ఊపిరి అందని మనిషిని, నీలాంటివాడి కోసం ఇంకోసారి ఊపిరి ఖర్చుపెట్టమని అడిగాను. ఇది నేను చేసిన పని. నీ మీద నాకున్న కోపంలో సగం దీని వల్లే. నువ్వు అడగకుండానే నన్ను నీ జట్టులో చేర్చావు.

ఆయన భార్య బుధవారం మా ఆఫీసుకి వచ్చింది. కంపెనీ మనిషి ఇంటికి వచ్చాడట. తీగ తన ఇష్టంతోనే పీకానని భర్త తనతో చెప్పినట్టు ఒక కాగితం మీద సంతకం పెడితే, క్వార్టర్ ఖాళీ చేయనక్కర్లేదన్నాడట. "ఆలోచించుకుని చెబుతానన్నానమ్మా. ఆయన పోయాడు, నేను ఎక్కడికి పోను?" అంది. తర్వాత, "అంత పెద్ద మెషీను తెచ్చారు కదా, అందులో ఒక్క మాటైనా మిగల్లేదా?" అంది.

"పెద్దదాంట్లో మిగల్లేదు. చిన్నదాంట్లో అన్నీ ఉన్నాయి" అన్నాను.

ఆమె ఏడవలేదు. "ఆయన గొంతుతోనే?" అంది. ఆయన గొంతుతోనే అన్నాను. "అయితే సంతకం పెట్టను" అని లేచి నిలబడింది. చివరి భాగం సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. నిన్ను పనిమంతుడని అన్న మనిషికి అది నేనెలా చెప్పను? ఆమె కూడా విచారణ హాల్లోనే వింటుంది.

ఆ మధ్యాహ్నమే నా రికార్డర్‌ను, కార్డు తీయకుండా, విచారణాధికారికి అప్పగించాను. కవరు మీద సీలు వేసి సంతకం తీసుకున్నారు. నీ మెషీను, రిపేరు చేసేవాడి మాట, నువ్వు పంపిన కాగితం, నా సంతకానికి వదిలిన ఖాళీతో సహా, దాంతో పాటే ఇచ్చాను. కాబట్టి నీ మెషీను తిరిగి పంపడం కుదరదు. కొత్తది నీకు ఎలాగూ వస్తుంది కదా. లేదా ఇక రాకపోవచ్చు.

ఇక జరగబోయేది. వచ్చే శుక్రవారం విచారణ. నిన్నూ సాక్షిగా పిలిచారు, పరికరం గురించి చెప్పడానికి. నోటీసు ఈపాటికి నీకు అంది ఉంటుంది. నేను వెళ్లి హాలు చూశాను. గోడలు ఖాళీ, మాట కొంచెం గింగిరుమంటుంది, అయినా అర్థమవుతుంది. స్పీకరు వాళ్లే పెడతారు. మెకానిక్ భార్య ముందు వరసలో, మేనేజరు ఎదురుగా. వినిపించే ముందు ఎవరికైనా స్వయంగా చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పుకోవచ్చని అధికారి అన్నాడు. ఆయన తన గది తొమ్మిదిన్నరకు తెరుస్తాడు. ఈ ఉత్తరం నీకు అందాక రైలెక్కడానికి సమయం ఉంది. ఎక్కమని నేను బతిమాలడం లేదు. సమయం ఉందని మాత్రం చెబుతున్నాను.

నువ్వు సాక్ష్యం చెప్పబోతున్నావని అమ్మకు తెలిసింది. తనూ వస్తానంటోంది. చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు దగ్గర కూర్చోబెట్టమంది. "ఎవరి మాట వినపడకపోయినా చిన్నోడి గొంతు నాకు వినపడుతుందే" అంది. వద్దని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. కుర్చీ చెప్పి ఉంచాను.

పదిన్నరకు మొదలు. ముందు ఆయన గొంతు, తర్వాత గది నిశ్శబ్దం, దాని వెనక నువ్వు.

ఇట్లు,
ఆ హాల్లో అమ్మ పక్క కుర్చీలో ఉండే
అక్క